రెండు పేజీలు కలిపి తిప్పే పిల్లాడు

ఒకే వారంలో, ఒకే బడి నుంచి, మా వాడి గురించి రెండు మాటలు విన్నాను. సోమవారం లెక్కల సార్ ఫోన్ చేసి, "మేడమ్, బాబుని ఒలింపియాడ్ బ్యాచ్‌లో వేద్దాం, వాడి బుర్ర మామూలుది కాదు" అన్నారు. శుక్రవారం క్లాస్ టీచర్ పిలిపించారు. డైరీలో ఎర్ర సిరాతో రాసినవన్నీ ఒక్కొక్కటే చూపించి, "ఒకసారి డాక్టరుకి చూపించండమ్మా, వాడితో క్లాసు నడవడం లేదు" అన్నారు. నాలుగో తరగతి, తొమ్మిదేళ్లు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది కావలి. నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. మా ఆయన తుమ్మలపెంట వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు. ఏడో తరగతి చదివే అమ్మాయి, దాని తర్వాత వీడు.

వాడి క్వార్టర్లీ లెక్కల పేపర్ ఇంకా దాచుకున్నాను. అన్నిటికన్నా కష్టమైన చివరి లెక్కకి ఒక్క లైనులో జవాబు రాశాడు. జవాబు సరైనదే. స్టెప్స్ వెయ్యలేదని మార్కు కోశారు, అది వేరే సంగతి. మధ్యలో రెండు పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి. "ఇవి రాలేదా నాయనా?" అంటే వాడు ఆ కాగితాల్ని కొత్తగా చూసి "అరె, ఇవి కూడా ఉన్నాయా!" అన్నాడు. రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు. అందులో ఉన్నవన్నీ వాడికి రెండో తరగతిలోనే వచ్చిన కూడికలూ తీసివేతలూ.

గుంట మీదికి తీసుకెళ్తే వేరే పిల్లాడు. రొయ్యల్ని చూసుకోవడానికి నీళ్లలో దించే చెక్ ట్రే పైకి లాగి చూసి, వంద కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, ఒక్కోటి పది గ్రాములు, నలభై కౌంట్ రావాలంటే ఇరవై ఐదు గ్రాములు కావాలి, వారానికి ఇంత పెరిగితే ఇంకా ఎన్నాళ్లని నోటితోనే లెక్క కట్టేస్తాడు. తెల్లవారుజామునే రొయ్యలు ఎందుకు పైకి తేలతాయని వాళ్ల నాన్నని అడిగాడు. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ప్రాణవాయువు ఇవ్వకపోగా అదే వాడుకుంటుందని ఆయన చెప్పారు. ఇక ఆ రాత్రి పదకొండు దాకా "అయితే నాచంతా తీసేస్తే?", "మరి పగలు ఎట్ట?" అని ఒకటే ప్రశ్నలు. అదే మనిషికి చెప్పులు వేసుకోమని ఆరుసార్లు చెప్పాలి. ఆరోసారి ఒక్క చెప్పుతో వస్తాడు.

సలహాలకు కొదవ లేదు. మా అత్తయ్య "మగపిల్లోడు కుదురుగా ఉంటే కదా భయపడాల్సింది" అన్నారు. మా పెదనాన్న "నవోదయ రాయించు, హాస్టల్లో పడితే వాడే దారికొస్తాడు" అన్నాడు. మా అమ్మ వారం రోజులు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పోసింది. దానివల్ల నష్టమేమీ జరగలేదు. నష్టం జరిగింది నేను చేసిన పనివల్ల. ఎవరో చెప్పారని వాణ్ణి ఒక సెంటరుకి తీసుకెళ్లాను. పది వేళ్ల ముద్రలు స్కాన్ చేసి, పుట్టుకతో వచ్చిన తెలివి ఎంతో చెబుతామన్నారు. ఐదు వేలు తీసుకుని రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టారు. కుడి మెదడు ఇంత శాతం, ఎడమ మెదడు అంత శాతం, కలెక్టరో సైంటిస్టో అవుతాడట. ఇంటికొచ్చి చదివితే అందులో ఉన్నది వాడికే కాదు, మా వీధిలో ఏ పిల్లాడికైనా సరిపోతుంది. వేలిముద్రల్ని బట్టి తెలివి చెప్పడానికి శాస్త్రంలో ఆధారమే లేదని తర్వాత తెలిసింది. "నా వేళ్లు కూడా పెట్టుంటే ఈ ఏడు పంట వెయ్యాలో వద్దో చెప్పేవాళ్లు కదా" అని మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

సరైన దారి పిల్లల డాక్టరు దగ్గర మొదలైంది. ఆయన తెలివి గురించి ఒక్క మాటా అడగలేదు. రాత్రి గురక పెడతాడా, నోరు తెరిచి పడుకుంటాడా, ఎన్ని గంటలు నిద్రపోతాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ కాసేపు శూన్యంలోకి చూస్తూ ఆగిపోతాడా, అప్పుడు భుజం తట్టినా తెలియదా అని అడిగారు. ఆ ఆఖరిది ఒక రకం ఫిట్స్ లక్షణం, పైకి పరధ్యానంలాగే కనిపిస్తుందట. కళ్లు, చెవులు, థైరాయిడ్, రక్తం అన్నీ చూపించమన్నారు. హిమోగ్లోబిన్ 10.8 వచ్చింది, ఈ వయసులో 11.5 అయినా ఉండాలట. ఐరన్ సిరప్పు, నులిపురుగుల మాత్ర రాశారు. చెవి పరీక్షలో ఏ లోపమూ లేదు. ఆ మాట ఇంట్లో చెప్తే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా "వాడికి అన్నీ వినపడతాయమ్మా, నువ్వే వినపడవు" అంది.

రక్తం కాస్త పెరిగినా కుదురు రాలేదు. అప్పుడు నెల్లూరు వెళ్లమన్నారు. అక్కడ సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఇద్దరూ ఉన్న ఆసుపత్రి చూసుకున్నాం. వేలిముద్రల దెబ్బ తిన్నాక నాకు బోర్డులంటే నమ్మకం పోయింది. ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందులో క్లినికల్ సైకాలజిస్టుగా రిజిస్టరైన వాళ్లకి ఒక నంబరు ఉంటుంది. మొహమాటపడకుండా అక్కడి సైకాలజిస్టుని ఆ నంబరు అడిగాను. ఆవిడ నవ్వి, గోడ మీది సర్టిఫికెట్ చూపించారు. ప్రైవేటుకి పోలేని వాళ్లకి నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ, అంటే వికలాంగుల సేవల ప్రాంతీయ కేంద్రం ఉంది, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కింద నడుస్తుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే మొదట అక్కడికే వెళ్లేదాన్ని. సచివాలయంలో కూర్చుని కూడా నాకు తెలియకపోవడం సిగ్గుచేటే.

మొదటిసారి మమ్మల్ని వెనక్కి పంపేశారు. పొద్దున్నే రైలెక్కి, బిట్రగుంటలో ఇంజన్ల గురించి వాడడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పి, పడుగుపాడు దాటాక పెన్నా వంతెన మీద స్తంభాలు లెక్కపెట్టించి, తీరా వెళ్తే ఆవిడ వాడి ముక్కు చూసి "జలుబు చేసినట్టుంది, ఈరోజు పరీక్ష వద్దు" అన్నారు. ఒక సెలవు పోయింది, ప్రాణం ఉసూరుమంది. జలుబుకీ తెలివికీ ఏంటి సంబంధం అనుకున్నాను. టైము పెట్టి చేయించే పరీక్షలు ఉంటాయి, ఒంట్లో బాగోనప్పుడు వచ్చిన మార్కు వాడిది కాదు, జలుబుది అన్నారావిడ. రోజు వృథా కాకుండా నాతో మాట్లాడతానన్నారు. గంటన్నర మాట్లాడారు. కాన్పు ఎలా అయింది, పుట్టగానే ఏడ్చాడా, ఎప్పుడు నడిచాడు, మాటలు ఎప్పుడొచ్చాయి, ఎల్‌కేజీలో ఎలా ఉండేవాడు. ఎల్‌కేజీలో ఆయా రోజూ చెప్పే "మీవాడు ఆడ కాలు నిలపడమ్మా" అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇబ్బంది నిన్నా మొన్నా మొదలైంది కాదని తేలడం ముఖ్యమట. ఆవిడ అనుమానం ఏడీహెచ్‌డీ అట, అంటే వయసుకి తగ్గ శ్రద్ధ, కుదురు, ఓపిక నిలవకపోవడం. అది ఉందని చెప్పాలంటే పన్నెండేళ్ల లోపే లక్షణాలు కనిపించాలి, ఆరు నెలలకు పైగా ఉండాలి, ఇల్లూ బడీ లాగా కనీసం రెండు చోట్ల ఉండాలి. ఒక్క బడిలోనే ఉంటే ముందు బడిని చూడాలన్నారు.

వచ్చేటప్పుడు ఫారాలు ఇచ్చారు. వాండర్‌బిల్ట్ అని పేరు. తల్లిదండ్రులది 55 ప్రశ్నలు, టీచరుది 43. ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి మూడు వరకు టిక్కు పెట్టాలి. ఎప్పుడూ లేదంటే సున్నా, చాలా తరచుగా అంటే మూడు. రోజుకి యాభై మంది చేత అప్లికేషన్లు నింపించడమే నా ఉద్యోగం. సొంత కొడుకు ఫారం ముందు పెట్టుకుంటే పెన్ను కదల్లేదు. "వస్తువులు పోగొట్టుకుంటాడు" దగ్గర ఒకటి పెట్టాను. ఆ నెలలో పోయిన రెండు వాటర్ బాటిళ్లు, ఒక స్వెట్టరు, మూడు జామెట్రీ పెట్టెలు గుర్తొచ్చాయి. అయినా ఒకటే ఉంచాను. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా మధ్యలో అందుకుంటాడా అంటే, ఇంటికొచ్చిన చుట్టాల ముందు కదా, పిల్లలంతా అంతే కదా అని మళ్లీ ఒకటి. నింపడం అయ్యాక చూస్తే కాగితం మీద ఉన్నది నా కొడుకు కాదు, పక్కింటి బుద్ధిమంతుడు. ఆ ఫారం చింపేసి, మర్నాడు జిరాక్స్ తీయించుకొచ్చి మళ్లీ నింపాను. ఈసారి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని రెండు చోట్ల ఒకటిని మూడు చేయించింది.

మా ఆయన ఫారం ఆయనే విడిగా నింపాలని సైకాలజిస్టు చెప్పారు కాబట్టి ఆయన్ని వదిలేశాను. దాదాపు అన్నీ సున్నాలే. "గుంట మీద నాతో నాలుగు గంటలు కూర్చుంటాడు, ఇంకేం కావాలి?" అన్నారు. క్లాస్ టీచరు ఫారం నిండా రెండులూ మూడులూ. లెక్కల సార్‌ది మళ్లీ సున్నాలు, "సీట్లోంచి లేస్తాడు" దగ్గర మాత్రం మూడు. నాలుగు ఫారాలు పక్కపక్కన పెడితే నలుగురు పిల్లల గురించి రాసినట్టుంది. ఇవన్నీ చూసి సైకాలజిస్టు కంగారు పడతారనుకున్నాను. ఆవిడ మాత్రం సంబరపడ్డారు. ఎవరి దగ్గర తగ్గుతోంది, ఎవరి దగ్గర పెరుగుతోంది అన్నదే తనకు కావాల్సిందట.

జలుబు తగ్గాక, మళ్లీ పొద్దుటి బండికే వెళ్లాం. ముందురోజు యూట్యూబ్‌లో ఐక్యూ ప్రశ్నలు చూపించి ప్రాక్టీసు చేయించాలని నాకు మహా ఉబలాటంగా ఉండింది. అసలు చెయ్యొద్దని ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఊరుకున్నాను. వాడికి పొద్దున ఇడ్లీ పెట్టి, సంచిలో అరటిపళ్లు వేసుకున్నాను. పరీక్ష గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట బల్ల మీద కూర్చుంటే వాడి గొంతు మాత్రం వినపడుతోంది, మధ్యమధ్యలో కుర్చీ కిర్రుమని. గంట తర్వాత బయటకి వదిలి, కాసేపు పరిగెత్తించమన్నారు. ఆసుపత్రి వరండా రెండు చుట్లు చుట్టొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాడు.

చేసిన పరీక్ష పేరు మాలిన్స్ స్కేలు. నాగపూర్‌లో మాలిన్ అనే ఆయన మన దేశపు పిల్లలకి తగ్గట్టు 1969లో మార్చి తయారుచేసింది, ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లలకి. నోటితో జవాబు చెప్పేవి ఆరు భాగాలు, చేత్తో చేసేవి ఐదు. ప్రశ్నలు తెలుగులోనే అడిగారు. లోపల ఏమడిగారో ఇక్కడ రాయను, రాస్తే రేపు ఇంకొకరి పిల్లాడి పరీక్ష పాడవుతుంది. తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడిగా చూశారు. డిస్‌లెక్సియా లాంటిది ఉందేమో అని, బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు తయారుచేసిన, బ్యాటరీ అనే పరీక్షల కట్టతో. బయటికొచ్చాక మా వాడి రిపోర్టు ఇది: "దిమ్మలతో చేసేది సూపరమ్మా. ఒకటి మాత్రం చెత్త. గుర్తులు చూసి రాస్తా పోవడమే, అందులో ఆలోచించేదే ఏం లేదు."

పది రోజుల తర్వాత మా ఇద్దర్నీ పిలిచారు. ఈ ప్రయాణమంతటికీ విలువ ఆ ముప్పావు గంటలోనే ఉంది. సగటు పిల్లాడికి 100 అనుకుంటే, పోలికలు పట్టుకోవడంలో మా వాడికి 138, దిమ్మల్లో 134. అంకెలు విని తిరిగి చెప్పడంలో 94. వాడు చెత్త అన్నాడే, గుర్తులు చూసి రాసే ఆ కోడింగులో 86. అన్నీ కలిపితే 119. నేను ఆ 119 చూసి నీరుగారిపోయాను. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలే దాటే 130 అన్న గీత గురించి అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాను కదా. ఆవిడ ఆ అంకె మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "ఇది చూడకండి" అన్నారు. పై వాటికీ కింది వాటికీ యాభై తేడా ఉన్నప్పుడు మొత్తం కలిపిన అంకె ఏ పిల్లాణ్ణీ చెప్పదట. నాకు బుర్రకెక్కలేదు. మా ఆయనకి చప్పున ఎక్కింది. "ఒక గుంటలో ముప్పై కౌంట్, ఇంకో గుంటలో వంద కౌంట్ ఉంటే, రెండూ కలిపి అరవై ఐదని చెబితే కొనేవాడు ఊరుకుంటాడా? రెండు గుంటలకి మేత కూడా ఒకటే వేస్తే ఏమవుతుంది?" అన్నారు. ఫారం నిండా సున్నాలు పెట్టిన మనిషి.

అంటే ఇద్దరు టీచర్లూ నిజమే చెప్పారు. ఆలోచనలో వయసుకి మించి ముందున్నాడు, ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఇలాంటి పిల్లల్ని ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారట. ఒకదాన్ని ఇంకోటి దాచేస్తుంది. సగం విని మిగతా సగం ఊహించుకుని మూడో తరగతి దాకా నెట్టుకొచ్చాడు, అందుకే లోపం ఎవరికీ కనపడలేదు. నాలుగో తరగతిలో రాత పెరిగింది, బండి ఆగింది. చదవడంలో, రాయడంలో వేరే సమస్య లేదు, రాత నెమ్మది అంతే.

నేను చాలా రోజులుగా మనసులో పెట్టుకున్న ప్రశ్న అడిగాను. పాఠం తెలిసిపోయి బోరు కొట్టి కదులుతున్నాడేమో, దానికి ఇంత పేరు పెట్టాలా? మంచి ప్రశ్న అన్నారు. తెలివైన పిల్లలు విసుగుతో కదలడం చాలా మామూలు, అలాంటి వాళ్లకి ఏడీహెచ్‌డీ అంటగట్టడమూ జరుగుతుందట. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఇష్టమైన చోట. మా వాడికి క్రికెట్ అంటే ప్రాణం. అక్కడ కూడా బ్యాటింగ్ వంతు వచ్చేదాకా ఆగలేక బ్యాటు లాక్కుంటాడు, ఫీల్డింగులో బంతి పక్కనుంచి పోతుంటే చీమల్ని చూస్తాడు. ఆ పిల్లలు వీణ్ణి ఆటకి పిలవడం మానేశారని నాకు తెలుసు. ఆ సంగతి మొదటి రోజు గంటన్నర మాటల్లో నేనే చెప్పానట, గుర్తు లేదు. మరి గుంట మీద నాలుగు గంటలు ఎట్లా కూర్చుంటాడని మా ఆయన పట్టుబట్టారు. శ్రద్ధ లేకపోవడం కాదు, కావాల్సినప్పుడు కావాల్సిన చోట పెట్టలేకపోవడం, పెట్టినదాన్ని తీయలేకపోవడం కూడా ఇందులో భాగమే అన్నారు. గుంట మీద నుంచి భోజనానికి రమ్మంటే జరిగే యుద్ధం ఆయనకీ తెలుసు కాబట్టి మరి మాట్లాడలేదు.

మందుల విషయం సైకియాట్రిస్టు చెప్పారు. ఆకలి తగ్గొచ్చు, నిద్ర ఆలస్యం కావొచ్చు, బరువూ ఎత్తూ బీపీ చూస్తుండాలి అని దాచకుండా చెప్పారు. ఇంట్లో పెద్ద గొడవే అయింది. మొదటి మూడు నెలలు బడిలో, ఇంట్లో మార్పులతో చూసి, తర్వాత తక్కువ డోసుతో మొదలుపెట్టాం. మాకు కుదిరింది. మీ పిల్లల సంగతి మీ డాక్టరే చెప్పాలి.

ఆఫీసులో తోటి ఉద్యోగి "అక్కా, సదరం స్లాట్ బుక్ చెయ్యనా?" అంది. వికలాంగ సర్టిఫికెట్ పరీక్షకి అన్నమాట, మంచి మనసుతోనే అడిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఉంది, చదువులో ప్రత్యేక వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. కాబట్టి సర్టిఫికెట్ లేదు. ఇటు తెలివైన పిల్లాడన్నందుకూ ఏ కాగితమూ రాదు. 2020 జాతీయ విద్యా విధానంలో ప్రతిభ ఉన్న పిల్లల గురించి రాశారు కానీ, మా వీధి చివరి బడి దాకా అది ఇంకా నడిచి రాలేదు.

బడికి రిపోర్టు పూర్తిగా ఇవ్వలేదు. అంకెలు లేకుండా, ఏం చేస్తే బాగుంటుందో ఒక పేజీలో రాయించుకుని అదే ఇచ్చాను. మొదటి బెంచీ, కిటికీకి దూరంగా. వచ్చేసిన లెక్కలు ఇరవై కాకుండా ఐదే, దాని బదులు ఒక కష్టమైనది. మధ్యలో సుద్దముక్కలు తేవడానికో, డస్టర్ దులపడానికో ఒకసారి బయటికి పంపడం. పరీక్షలో పేపర్ తీసుకునే ముందు పేజీలన్నీ చూశావా అని ఒక్క మాట. ప్రిన్సిపాల్ చదివి "ఇట్లా ఒక్కడికి చేస్తే మిగతావాళ్లు అడగరా?" అన్నారు. అప్పటిదాకా మాట్లాడని క్లాస్ టీచర్, డాక్టరుకి చూపించమన్న ఆవిడే, "నేను చూసుకుంటాను సార్" అన్నారు. ఒలింపియాడ్ బ్యాచ్ సంగతి ఇంకా నానుతోంది.

వాడికి చెప్పడం నాకు అన్నిటికన్నా టెన్షన్. సైకాలజిస్టు చెప్పినట్టే చెప్పాను. నీ బుర్ర చాలా స్పీడు, బ్రేకులు కాస్త లేటుగా పడతాయి, వాటికోసమే ఇదంతా అని. కాసేపు ఆలోచించి, "అయితే నేను చెడ్డోణ్ణి కాదా?" అన్నాడు. అంత పెద్ద ప్రశ్న వాడు ఎన్నాళ్లుగా మోస్తున్నాడో నాకు తెలియదు. నేను జవాబు చెప్పేలోపే డాబా మీద పిల్లి కనపడి లేచి పోయాడు.

పోయిన నెల రివ్యూకి మళ్లీ ఫారాలు నింపాం. "సీట్లోంచి లేస్తాడు" దగ్గర మూడు ఒకటైంది, ఇద్దరు టీచర్లదీ. మా ఆయన ఈసారి నాలుగు చోట్ల రెండు పెట్టారు. "వస్తువులు పోగొట్టుకుంటాడు" దగ్గర నేను మూడే పెట్టాను. ఈ ఏడాదిలో అది ఐదో వాటర్ బాటిల్. నిన్న సాయంత్రం బాటిల్ తెచ్చాడు, మూత లేదు.